ట్రాలీ కుడి వెనక చక్రంలో లోపలి టేపర్ బేరింగు ఎనిమిది నెలల్లో మూడోసారి పోయింది. తప్పు ఎక్కడ?

బండల_బండి, తాడిపత్రి
అందరికీ నమస్కారం. పాలిష్ ఫ్యాక్టరీల నుంచి బండలు తోలే ట్రాక్టరు మాది. నాలుగు చక్రాల ట్రాలీ, సెకండ్ హ్యాండులో కొన్నది. గొడవంతా ఒక్క చక్రంతోనే. కుడి వెనక హబ్బులో, అంటే చక్రం నడిమి దిమ్మలో, లోపలి టేపర్ (ఏటవాలు రోలర్ల) బేరింగు నంబరు 32210, బయటిది 32207. బయటిది బాగానే ఉంది. లోపలిది మాత్రం ఎనిమిది నెలల్లో మూడు మార్చాను. మొదటిసారి మెకానిక్ "గ్రీజు లేదప్పా" అన్నాడు. రెండోసారి "డూప్లికేట్ మాలు" అన్నాడు. మూడోసారి ఏమీ అనలేదు, నా మొహం చూశాడంతే. మిగతా మూడు చక్రాలు కొన్నప్పటి నుంచి విప్పిందే లేదు. ఇంకాస్త పెద్ద నంబరు బేరింగు వేయించమంటారా?

ప్రొద్దుటూరు_కుర్రోడు
అన్నా, బండలు ఎన్ని వేస్తున్నావో ముందు అది చెప్పు. బేరింగును తర్వాత తిడదాం.

బండల_బండి
మామూలుగా రెండడుగుల బండలు, అంగుళం మందం, రెండు వందలు. తొందర ఉంటే రెండు వందల అరవై.

డ్రాయింగ్_టీచర్, కడప
రెండడుగుల చదరం, అంగుళం మందం అంటే ఒక్కో బండ దాదాపు 25 కిలోలు. రెండు వందలంటే 5 టన్నులు, రెండు వందల అరవై అంటే 6.5 టన్నులు. అంటే 30 శాతం ఎక్కువ. "30 శాతమే కదా" అనుకోవద్దు. రోలర్ బేరింగు ఆయుష్షు లెక్కలో బరువుకు 10/3 ఘాతం ఉంటుంది. బరువు 30 శాతం పెరిగితే ఆయుష్షు సుమారు 40 శాతానికి పడిపోతుంది. రెట్టింపైతే పదో వంతుకు వస్తుంది. కేటలాగుల్లో ఎల్-10 అని రాసే ఆయుష్షు కూడా హామీ కాదు. ఒకే రకం బేరింగులు వంద తిప్పితే తొంభై ఆ గడువు దాటతాయని దాని అర్థం.

పెద్ద నంబరు గురించి ఒక మాట. చివరి రెండంకెలను ఐదుతో గుణిస్తే లోపలి రంధ్రం కొలత వస్తుంది. 10 అంటే 50 మి.మీ. మీ 32210 కొలతలు లోపలి రంధ్రం 50, బయటి వ్యాసం 90, వెడల్పు 24.75 మి.మీ. 30210 కూడా 50, 90లే కానీ వెడల్పు 21.75. మీరు ఇప్పటికే వెడల్పు సిరీస్‌లోనే ఉన్నారు. దీనికంటే పెద్దది కావాలంటే హబ్బో, ఇరుసో, రెండూనో మార్చాల్సి వస్తుంది. 313 సిరీస్ అని ఒకటుంది, దానిలో రోలర్లు ఆనే వాలు కోణం దాదాపు 29 డిగ్రీలు. పక్క తోపుడు, అంటే ఇరుసు వెంబడి పక్కకు తోసే బలం, బాగా ఎక్కువగా ఉన్నచోట దాన్ని వాడతారు. ట్రాలీ చక్రానికి ఆ అవసరం లేదు.

పక్క తోపుడు ఎంతవరకు లెక్కలోకి రాదో తేల్చడానికి కేటలాగులో 'ఇ' అనే అంకె ఇస్తారు. మీ బేరింగుకు అది 0.42 దగ్గర ఉంటుంది. పక్క తోపుడును నిలువు బరువుతో భాగిస్తే వచ్చే అంకె దీన్ని దాటకపోతే నిలువు బరువు ఒక్కటే లెక్క. దాటితే నిలువు బరువుకు 0.4 రెట్లు, పక్క తోపుడుకు కేటలాగులోనే ఇచ్చే 'వై' రెట్లు తీసుకుని కలపాలి. మలుపుల్లో, గుంతల్లో దాటొచ్చు, తిన్నని రోడ్డు మీద దాటదు.

సీమ_ఫిట్టర్, ఎర్రగుంట్ల
మేడమ్ లెక్క కరెక్టే. కానీ బరువు నాలుగు చక్రాల మీదా పడుతుంది కదా. బరువే కారణమైతే నాలుగూ అటూ ఇటూగా ఒకేసారి ఏడవాలి. ఒక్కటే పోతోందంటే రోగం బేరింగులో లేదు, అది కూర్చునే చోట ఉంది.

తమ్ముడూ, పోయిన బేరింగు పారేశావా? ఉంటే కప్పు (బయటి రింగు) తీసుకో, కిరోసిన్‌తో కడుగు, ఎండలో పట్టుకుని నాకు మూడు సంగతులు చెప్పు. లోపలి ముఖం మీద పెచ్చులు చుట్టూరా లేచాయా, ఒకచోటే లేచాయా? కప్పు వెనక వైపు, అంటే హబ్బులో కూర్చునే వైపు, రంగు ఎలా ఉంది? హబ్బు రంధ్రంలో వేలు పెట్టి తిప్పితే ఏం తగులుతోంది?

కందనవోలు_కౌంటర్, కర్నూలు
ఆయన అడిగింది చూసేలోగా ఒక మాట. నేను బేరింగుల షాపులో పని చేస్తా. డూప్లికేట్ల బెడద నిజమే, కాదనను. అయితే వరసగా మూడూ ఒకే చక్రంలో డూప్లికేట్లు పడటమంటే నమ్మబుద్ధి కావడం లేదు. మూడుసార్లూ కప్పు, కోను (రోలర్లుండే లోపలి ముక్క) రెండూ మార్చారా, కోను ఒక్కటేనా?

బండల_బండి
ఫిట్టర్ సార్, చూశాను. కప్పు లోపల పెచ్చులు రెండు చోట్ల ఉన్నాయి, ఒకదానికొకటి సరిగ్గా ఎదురెదురుగా. ఒక్కోటి బొటనవేలి గోరంత. మిగతా చుట్టూ బూడిద రంగు తప్ప నున్నగానే ఉంది. వెనక వైపు అక్కడక్కడా అద్దంలా మెరుపు, మధ్యమధ్య ఎర్ర పొడి. తుప్పులాగా ఉంది కానీ చేతికి మెత్తగా అంటుకుంటోంది. హబ్బు రంధ్రంలో చిన్న చిన్న గుంతలు, వాటి అంచులు గోరుకు తగులుతున్నాయి. వరసగా ఉన్నాయి, పన్నెండు పదమూడు లెక్కపెట్టా.

కౌంటర్ అన్నా, రెండోసారి కోను ఒక్కటే వేశాడు. కప్పు బాగుందన్నాడు.

సీమ_ఫిట్టర్
దొరికింది దొంగ. ఆ గుంతలు సెంటర్ పంచి (మొనదేలిన ఉక్కు కడ్డీ) దెబ్బలు. కప్పు హబ్బులో లూజై తిరుగుతుంటే లేత్‌కు పంపకుండా రంధ్రం గోడ మీద పంచి కొట్టి బిగుసుకునేలా చేశాడు. ఎక్కిస్తుంటే బిగుతుగానే వెళ్తుంది, "చూడు ఎంత టైటో" అని మనకే చూపిస్తారు. కానీ కప్పు నిలబడింది ఆ గుంతల అంచుల మీదే. బరువు పడగానే అంచులు నలిగిపోతాయి, మళ్లీ లూజు. ఆ ఎర్ర పొడి తడికి పట్టిన మామూలు తుప్పు కాదు, కప్పు, హబ్బు ఒకదాన్నొకటి రాసుకుని రాలి, తుప్పెక్కిన ఇనుప పొడి.

పెచ్చులు రెండు చోట్ల ఎదురెదురుగా లేవడమే అసలు సాక్ష్యం. మీ హబ్బులో తిరిగేది కప్పు, నిలిచుండేది కోను. కప్పు మీద ప్రతి చోటూ వంతులవారీగా బరువు కిందికి వస్తుంది కాబట్టి అరుగుదల ఉంటే చుట్టూ సమానంగా ఉండాలి. రెండే చోట్ల ఉందంటే కప్పు గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా నొక్కుకుపోయింది. రోలర్లు ఆ రెండు చోట్లకు వచ్చిన ప్రతిసారీ ఇరుకులో దూరాలి. ఇందులో నువ్వు ఏ కంపెనీ బేరింగు పెట్టినా ఇంతే.

ఇక కోను ఒక్కటే మార్చడం. పాత కప్పులో రోలర్లు చేసుకున్న దారి మీద కొత్త రోలర్లను పరిగెత్తించడమే అది. పదో పరకో మిగిలి ఉంటుంది, అంతే.

ప్రొద్దుటూరు_కుర్రోడు
మా దగ్గర కప్పును హబ్బుకు రెండు చోట్ల టాక్ వెల్డింగ్ కొట్టేస్తారు. ఇక తిరిగే సమస్యే లేదు 😀

లేత్_అనంతపురం
చదివి తల పట్టుకున్నా. వెల్డింగ్ వేడికి కప్పు గట్టిదనం పోతుంది, లేదా పగులుతుంది. ఇంకో సంగతి, ట్రాలీ మీద ఎక్కడ వెల్డింగ్ చేసినా ఎర్త్ క్లాంపు పని జరిగే చోటికి దగ్గరలో పట్టాలి. చక్రానికో, అటు చివరో పడితే కరెంటు బేరింగు గుండా పోతుంది. రోలరు తగిలిన ప్రతి చోటా సన్నటి మచ్చ పడుతుంది. నెల తర్వాత గుర్రుమనే శబ్దం మొదలైతే ఎవరికీ వెల్డింగ్ గుర్తుకు రాదు.

తాడిపత్రి అన్నా, ఇంత చెడిన రంధ్రానికి రెండే దారులు. హబ్బు కొత్తది తీసుకోవడం, లేదా గోడ మందం ఉంటే బోరు (రంధ్రం) పెద్దది చేసి స్లీవ్ (లోపల బిగించే ఇనుప గొట్టం) కొట్టించడం. సీసాల్లో అమ్మే రిటైనింగ్ కాంపౌండ్ (సందు నింపి పట్టే జిగురు) కొంచెం లూజుకు పనికొస్తుంది కానీ, గుండ్రతనం పోయినదాన్ని గుండ్రం చేయదు. హబ్బు తీసుకురండి, కొలిచి చెప్తా. రావడానికి ముందు దాన్ని ఏమీ చేయకండి, ఎమరీ కూడా పట్టకండి.

చెనిక్కాయ_మిల్లు, ధర్మవరం
మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. మా చెనిక్కాయలు వలిచే మిషను షాఫ్టుకు బాల్ బేరింగు ప్లమ్మర్ బ్లాకులు (బేరింగును ఫ్రేముకు పట్టి ఉంచే దిమ్మలు) ఉన్నాయి. టేపర్ వేస్తే బలంగా ఉంటుందని ఒకాయన అంటున్నాడు. వేయించమంటారా?

సీమ_ఫిట్టర్
వద్దు. మీ షాఫ్టుకు పక్క తోపుడు ఎక్కడుంది? పైగా మీ ఫ్రేము యాంగిల్ ఇనుముతో అతికిందే అయ్యుంటుంది. రెండు బేరింగులు ఒక్క వరుసలో ఉండటమే కష్టం. ప్లమ్మర్ బ్లాకులో బేరింగు వెనక భాగం గోళంలా ఉంటుంది కాబట్టి ఆ వంకరకు సర్దుకుంటుంది. టేపర్ సర్దుకోదు. మీటరు పొడవుకు ఒక మిల్లీమీటరు వంకరున్నా రోలర్ల మీది బరువు ఒక అంచుకు జరుగుతుంది. బలమైనది అన్నిచోట్లా మంచిది కాదు సామీ.

కందనవోలు_కౌంటర్
షాపులో రోజూ చూసే ఇంకో తప్పు. 35 మి.మీ. స్పిండిల్ (కోను ఎక్కే ఇరుసు కొన) అని చెప్పి పాత కోను చూపించరు. అంగుళాల సిరీస్‌లో ఎల్‌ఎం48548 అనే కోను ఉంది, దాని రంధ్రం 34.925, అంటే అంగుళమూ మూడెనిమిదులు. కంటికి రెండూ ఒకటే. 35 స్పిండిల్‌కు అది ఎక్కదు, అప్పుడు మెకానిక్ స్పిండిల్‌నే ఎమరీతో రుద్ది ఎక్కిస్తాడు. అక్కడితో ఇరుసు పాడు. అంగుళాల సిరీస్‌లో కోనుకో నంబరు, కప్పుకో నంబరు ఉంటాయి, ఎల్‌ఎం48548 కోనుకు ఎల్‌ఎం48510 కప్పు. పాత ముక్కలు రెండూ తెస్తే మాకు ఒక్క నిమిషం పని. గ్రీజు తుడిచి తెస్తే ఇంకా సంతోషం.

గ్రీజంటే గుర్తొచ్చింది. అలంపురం గుడికి రాళ్లు తోలే బండ్లు తుంగభద్ర దాటేముందు మా ఊళ్లో ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవని, అందుకే కందెనవోలు, కందనవోలు అయి చివరికి కర్నూలైందని మా వాళ్లు చెప్పుకుంటారు. అప్పుడూ రాళ్లే, ఇప్పుడూ రాళ్లే. మా తాత ఆముదంలో గడ్డి మసి కలిపి పూసేవాడు.

డ్రాయింగ్_టీచర్
బాగా గుర్తు చేశారు. టేపర్ బేరింగు కూడా బండ్లవాళ్ల దగ్గర పుట్టిందే. అమెరికాలో సెయింట్ లూయిస్‌లో గుర్రపు బండ్లు తయారుచేసే హెన్రీ టిమ్‌కెన్ 1898లో పేటెంటు తీసుకున్నాడు. బండి మలుపు తిరిగేటప్పుడు చక్రం మీద పడే పక్క తోపుడే అతని సమస్య కూడా.

బండల_బండి
హబ్బు అనంతపురం తీసుకెళ్లా. లేత్ అన్న మూడు వైపుల నుంచి కొలిచాడు. 90 ఉండాల్సిన చోట ఒకవైపు 90.04, ఇంకోవైపు 90.18. కప్పు దానిలో బిళ్లలా తిరుగుతుంది. గోడ మందం ఉందట, స్లీవ్ కొడతానన్నాడు. బిగించేటప్పుడు నేనే దగ్గర నిలబడతా, ఏం చూడాలో చెప్పండి.

లేత్_అనంతపురం
98కి బోరు చేసి స్లీవ్ నొక్కాను. కొత్త కప్పు కొలిస్తే 89.99 వచ్చింది, కాబట్టి లోపల 89.96కు తీశా. 0.03 బిగుతు. లోపలి బోరు, బయటి బోరు రెండూ ఒకే సెట్టింగులో చూసుకున్నా. హబ్బు తిప్పి పట్టి రెండోది చేస్తే రెండు బేరింగుల నడుమ గీత తప్పుతుంది, మళ్లీ మొదటికే వస్తుంది.

సీమ_ఫిట్టర్
ఇక బిగించడం. ఇది తీరిగ్గా చదువు.

కప్పు హబ్బులో బిగుతుగా ఉండాలి, కోను స్పిండిల్ మీద చేత్తో జారాలి. నువ్వు భయపడి కోను కూడా టైటు చేయించేవు. బరువుకు ఎదురుగా తిరిగే ముక్కకు బిగుతు, నిలిచుండేదానికి జారుడు, అంతే సూత్రం. కోను జారకపోతే నట్టుతో సెట్ చేయలేవు.

కప్పు ఎక్కించడానికి ప్రెస్సు లేకపోతే దాన్ని రాత్రి ఐస్‌క్రీం అంగడి ఫ్రీజర్లో పెట్టు. మన ఎండలో 40 డిగ్రీలున్న కప్పు మైనస్ 18కి పోతే 90 మి.మీ.కి 0.06 దాకా తగ్గుతుంది. నీ బిగుతు 0.03 కాబట్టి చేత్తో నొక్కితే దిగుతుంది. అయితే బయటికి తీయగానే చెమట పడుతుంది, గుడ్డతో తుడిచి పలచగా నూనె రాసి వెంటనే దించు. గ్యాస్ మంట కప్పు మీద పెట్టనివ్వకు. బేరింగు ఏదైనా 120 డిగ్రీలు దాటకూడదు. కొడతానంటే పాత కప్పు బయటి వైపు కాస్త గ్రైండ్ చేసి దాన్ని కొత్తదాని మీద పెట్టి కొట్టమను. హబ్బు లోపలి మెట్టుకు (భుజానికి) ఆనగానే శబ్దం మారుతుంది, డబడబ పోయి ఠంగుమంటుంది. అక్కడ ఆపాలి. కప్పు వెనక ఒక్క ఇసుక రేణువున్నా వంకరగా కూర్చుంటుంది, మీ బండల పొడి సంగతి చెప్పాల్సిన పని లేదు.

గ్రీజు కోను వెడల్పు వైపు నుంచి అరచేత్తో నొక్కాలి, రోలర్ల సందుల్లోంచి అటువైపు పైకి వచ్చేదాకా. బేరింగు నిండా ఉండాలి కానీ హబ్బు కడుపు నిండా కాదు, సగం లోపే. ఎక్కువైతే లోపలే చిలికి వేడెక్కి సీలు తోసుకుని బయటికి వస్తుంది. లిథియం కాంప్లెక్స్, రెండో నంబరు చాలు. పాత గ్రీజు పూర్తిగా కడుగు. మీరు ఫ్యాక్టరీ నీళ్ల బురదలో తిప్పుతారు కాబట్టి ఆయిల్ సీలు కొత్తది వేయి, పాతది ఎంత బాగున్నా సరే.

ఇప్పుడు అసలు పని. ఒకరు హబ్బు తిప్పుతూనే ఉండాలి, ఒకరు నట్టు బిగించాలి. తిప్పకుండా బిగిస్తే రోలర్లు వెడల్పు వైపు అంచుకు ఆనవు, బిగిసినట్టు అనిపించి తర్వాత లూజవుతుంది. 70 న్యూటన్ మీటర్ల దాకా బిగించి, పూర్తిగా వదిలేసి, మళ్లీ వేళ్లతో మాత్రమే తిప్పి ఆపాలి. స్ప్లిట్ పిన్ను రంధ్రం కలవకపోతే నట్టు వెనక్కి తిప్పు, ముందుకు కాదు. డయల్ గేజీ ముల్లు స్పిండిల్ చివర పెట్టి హబ్బును లాగి తోస్తే 0.03 నుంచి 0.12 మి.మీ. మధ్య ఆట, అంటే వదులు, ఉండాలి. సున్నా వద్దు.

చెనిక్కాయ_మిల్లు
సున్నా ఉంటే ఇంకా గట్టిగా ఉంటుంది కదా సార్?

సీమ_ఫిట్టర్
నేనూ ఇరవై ఆరేళ్ల వయసులో అదే అనుకున్నా. సిమెంటు ఫ్యాక్టరీలో ఒక చిన్న గేరుబాక్సు. దాంట్లో షాఫ్టు తిరుగుతుంది కాబట్టి హబ్బుకు తిరగేసిన పద్ధతి. కోను షాఫ్టు మీద బిగుతు, కప్పు కవరు కింద షిమ్ములతో (పలచటి రేకులతో) సర్దాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఆట ఏమాత్రం లేకుండా సెట్ చేసి, భలే చేశాననుకుని టీకి పోయా. షాఫ్టు వేడెక్కితే పొడవు పెరుగుతుంది, బయటి బాడీ చల్లగానే ఉంటుంది. రెండు కప్పుల ముఖాలూ (వెడల్పు నోళ్లు) ఎదురెదురుగా ఉండే ఆ అమరికలో ఆ పెరుగుదలంతా ఆటను తినేస్తుంది. మధ్యాహ్నానికి కవరు మీద చెయ్యి పెట్టలేకపోయాం. విప్పితే రోలర్ల వెడల్పు చివర్లు నీలం తిరిగి ఉన్నాయి. మా ఫోర్‌మన్ తిట్టలేదు. ఆ రోలరు ఒకటి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఇప్పటికీ నా టూల్ బాక్సులో ఉంది.

హబ్బులో కప్పుల వీపులు (ఇరుకు వైపులు) ఎదురెదురు కాబట్టి అంత ప్రమాదం లేదు, అయినా సున్నా వద్దు.

బండల_బండి
ఐదు వారాలైంది. కప్పు ఫ్రీజర్ పద్ధతిలోనే దించాం, ఐస్‌క్రీం అంగడాయన ముందు నమ్మలేదు, తర్వాత ఆయనే వీడియో తీశాడు. గేజీలో ఆట 0.07 వచ్చింది. మొదటి ట్రిప్పులో ఇరవై కిలోమీటర్లకు ఆపి నాలుగు హబ్బులూ పట్టి చూశా, కుడి వెనకది ఎడమదానితో సమానంగా గోరువెచ్చగా ఉంది. ఇదివరకు అది ఒక్కటే కాలేది. రెండు వందల ఇరవై దాటి బండలు వేయడం లేదు.

నిన్న ఖాళీగా ఉండి ఎడమ ముందు చక్రం విప్పా. బేరింగు బాగానే ఉంది. కప్పు కొట్టి తీస్తే లోపల పంచి గుంతలు, తొమ్మిది. నేను కొనకముందువి.

లేత్_అనంతపురం
సోమవారం పొద్దున తొమ్మిదికి రా అన్నా. కొత్త కప్పు కూడా వెంట తీసుకురా. దాన్ని కొలవందే నేను బోరు ముట్టుకోను.